తెంచా గీసిన నారింజాకులు

ఓర్తెన్సియా అరియాగాని ఫుల్లర్టన్ ఊళ్లో అందరూ తెంచా అనే పిలిచేవారు. ఆ పేరు మన చెవికి ఎలా వినబడినా, గ్రిమ్‌స్టాడ్ గిటార్ల షెడ్డులో ఆవిడ తీగ తెంచిన పాపాన పోలేదు. కరెంటు గిటారుకి అసలు గొంతు తంతుల కింద దాగిన చుట్టలో ఉంటుంది. అయస్కాంతం చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి రాగితీగ. యంత్రం గిరగిరా తిరుగుతుంటే దాన్ని రెండు వేళ్ల మధ్య నడపాలి. బిగబట్టారా, పుటుక్కుమంటుంది. వదిలేశారా, గొంతు జీరబోతుంది. అవే ఉప్పూ కారాలతో ఒక్కో చేతికి ఒక్కో రుచి వచ్చినట్టే ఇదీను.

అంతకుముందు తెంచా నారింజపళ్లకి కాగితాలు చుట్టే పనిలో ఉండేది. వేళ్లకి ఆ నేర్పు అక్కడే అబ్బింది. మొగుడు పోయాక పిల్లల కడుపు నింపింది ఆ వేళ్లే. షెడ్డులో ప్రతి ఆడమనిషీ తను చుట్టినదాని అడుగున పెన్సిలుతో తన గుర్తు వేసేది, తేడా వస్తే ఎవర్ని తిట్టాలో తెలియడానికి. తెంచా గుర్తు రెండు నారింజాకులు.

కంచెకి అవతల ప్రూయిట్ గిటార్లు. యజమానులిద్దరికీ ఉప్పూ నిప్పూ. "ఆ గుంపుతో మాట కలిపినవాళ్లు అటునుంచి అటే ఇంటికి" అని గ్రిమ్‌స్టాడ్ హుకుం. కానీ ప్రూయిట్ దగ్గర చుట్టలు చుట్టే ఎలోదియాయే, జ్ఞానస్నానం నాడు తెంచా కూతుర్ని జ్ఞానతల్లిగా చేతుల్లోకి తీసుకుంది. ఆనాటినుంచి ఒకరికొకరు కొమాద్రె. ఆ వరస తోబుట్టువుకన్నా బరువైంది. కొమాద్రె అడిగితే కాదనకూడదు. అడక్కముందే వెళ్తే మరీ మంచిది.

ఒక వేసవిలో ఎలోదియా చేతిమీద, చుట్టల్ని ముంచే మరిగే మైనం ఒలికింది. అవతల చికాగో ప్రదర్శనకి ప్రూయిట్ గిటార్లు వెళ్లాలి. గుడ్డ చుట్టిన చేత్తో వచ్చి తెంచా వాకిట్లో నిలబడింది.

"ప్రూయిట్ నా కుర్చీలో ఇంకోదాన్ని కూర్చోబెడతాట్ట కొమాద్రె."

"ఇంకొకతెందుకు? నీ చెయ్యి మానేదాకా నేను కూర్చుంటా."

"మీ ముసలాడికి తెలిస్తేనో?"

"తెలిస్తే మళ్లీ నారింజపళ్లే. వాటికి నా మీద కోపమేం లేదుగా!"

సెలవు దినాల్లో, చర్చిలో ప్రార్థన అయ్యాక, తెంచా కంచె దాటి వెళ్లి కూర్చుంది. గిటార్లు చికాగో చేరాయి, మిగిలినవి ఊళ్లోనే అమ్ముడుపోయాయి. ఎలోదియా కుర్చీ ఎలోదియాకే దక్కింది.

చలికాలం వెళ్లాక ఒక సోమవారం గ్రిమ్‌స్టాడ్ చంకలో ప్రూయిట్ గిటారుతో దిగాడు. బావమరిది పేరుమీద కొన్నాడట. ఎదుటివాడి గిటారు కొని పొట్ట విప్పి చూడటం ఇద్దరికీ పాత అలవాటే.

"శనివారం డాన్సులో దీని గొంతు విన్నాను. ఈ గొంతు మనకెందుకు రాదూ? తెంచా, ఇలా రా. చూసి నేర్చుకో."

ఒక్కో మర ఊడుతుంటే అప్పుడు గుర్తొచ్చింది తెంచాకి. తల మర్చిపోయినా చెయ్యి అలవాటు మర్చిపోలేదు. ఆ చుట్టలన్నిటికీ ఆకులు గీసేసింది! పిల్లల మొహాలు కళ్లముందు మెదిలాయి.

గ్రిమ్‌స్టాడ్ చుట్టని వెనక్కి తిప్పాడు. రెండాకులు.

యంత్రాలన్నీ ఆగిపోయాయి.

"ఇదెవరి గుర్తు?"

ఆకులెవరైనా గీస్తారు. బుకాయించవచ్చు. తెంచా తలెత్తింది.

"నాదేనయ్యా. చూసి నేర్చుకోమన్నారు. నా దగ్గర నేనేం నేర్చుకోను?"

"నా ఉప్పు తింటూ వాడికి చుట్టావా?"

"ఆయనకి కాదు, మా కొమాద్రెకి చుట్టాను. అయినా ఒక మాటడుగుతాను. మొన్న చలికాలంలో మన తీగ అందకపోతే, కంచె మీంచి ఒక కండె దిగిందే, అదెవరిదయ్యా? దానిమీద ప్రూయిట్ ముద్ర గోళ్లతో గీకింది మేమేగా! ఇంతకీ మీరిద్దరూ కలిసి ఏ బిడ్డకి జ్ఞానస్నానం చేయించారు?"

షెడ్డంతా గొల్లుమంది. గ్రిమ్‌స్టాడ్ చెవులు టమాటాలయ్యాయి. స్టూలుమీద చతికిలబడి చుట్టని అటూ ఇటూ తిప్పాడు. నెమ్మదిగా అడిగాడు.

"సరే, చెయ్యి నీదే. మరి మన గిటార్లో ఈ గొంతేది?"

"అక్కడ నా వెనకాల నించుని 'కానీ, కానీ' అనేవాళ్లు లేరయ్యా."

ఈసారి ముందు నవ్వింది ఆయనే.

"ఇకనుంచి నీ వెనకాల నించోనులే."

"మరి కంచె దగ్గర వాళ్లతో కలిసి భోజనం చెయ్యొచ్చా?"

"తినండమ్మా, తినండి! వాడి చుట్టలు మాత్రం..."

"కొమాద్రె చెయ్యి ఎప్పుడో మానిందిలెండి."

మధ్యాహ్నం తెంచా రొట్టెల మూట పట్టుకుని పట్టపగలు, అందరి ఎదుటా కంచె దగ్గరికి నడిచింది. వెనకే షెడ్డు షెడ్డంతా.

"కొమాద్రె! మా అయ్యగారు మీ అయ్యగారికి దణ్ణాలు చెప్పమన్నారు!"

"నేనెప్పుడు చెప్పాను తెంచా?" అని కిటికీలోంచి ఒక కేక.

అవతలి కిటికీలోంచి ప్రూయిట్ టోపీ ఎత్తాడు. ఆ తర్వాత తీగ కరువైనప్పుడల్లా కండెలు కంచె దాటుతూనే ఉన్నాయి. వాటిమీద ముద్ర ఎవరూ గీకలేదు.