డీజీఎంగారు ఆమోదించిన బ్రేకు

2006లో విశాఖ రేవులో సరుకు దించే ఒక కంపెనీ నన్ను కంప్యూటర్ విభాగం నుంచి తీసి ‘వికీ సమన్వయకర్త’గా వేసింది. అసిస్టెంట్ మేనేజర్ హోదా కదల్లేదు, జీతమూ కదల్లేదు. వికీ అంటే ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల ఉమ్మడి పేజీ. షిఫ్టు దిగేవాడు యంత్రాల పరిస్థితి అందులో రాస్తే, ఎక్కేవాడు చదువుకుంటాడు. దీంతో సంస్థలో అడ్డుగోడలు కూలిపోతాయని ప్రారంభోత్సవంలో చెప్పారు. ఆ మాట వినడానికి కుర్చీలు మాత్రం హోదా ప్రకారమే వేశారు.

వారం తిరక్కుండానే మా డీజీఎం ప్రసాదరావుగారు పిలిచారు. గుడివాడ వైపు మనిషి. సంతకం పడందే సూర్యోదయాన్ని కూడా నమ్మరు.

“ఏమయ్యా, కిందివాడు రాసింది పైవాడు చూడకుండా బయటికెలా పోతుంది?” అన్నారు. వికీ అంటే అదేనన్నాను. “అయితే దాన్ని కాస్త పద్ధతిగా చెయ్యి” అన్నారు.

చేశాను. ఆ రోజు నుంచి ఏ పేజీ అయినా ఆయన ‘ఆమోదం’ బటన్ నొక్కితేనే కనిపించేది.

తర్వాత ఆయన హైదరాబాద్‌కు శిక్షణకు వెళ్లారు. శిక్షణ విషయం: కలిసి పనిచేయడం. ఆ రోజుల్లోనే షిఫ్టు ఇన్‌ఛార్జి సింహాచలం, రెండో క్రేనుకు బ్రేకు పట్టడం లేదు, వాడవద్దు అని వికీలో రాశాడు. రాసి ఊరుకోకుండా తర్వాతి షిఫ్టుకు ఫోన్ చేశాడు కాబట్టి ఎవరి నెత్తినా ఏమీ పడలేదు. మర్నాడే బ్రేకు మార్చారు. హెచ్చరిక మాత్రం ఆమోదం కోసం వరుసలో నిలబడింది.

ప్రసాదరావుగారు తిరిగొచ్చి, పేరుకున్న పేజీలన్నీ చదవకుండా ఒక్క ఊపున ఆమోదించారు. పేజీ మీద పడేది ఆమోదించిన తేదీ. పాత హెచ్చరికను ఆ రోజుదే అనుకుని జనరల్ మేనేజర్‌గారు క్రేను ఆపించారు. క్రేను బాగానే ఉందని తేలేసరికి బొగ్గు ఓడ ఒక పూటంతా ఊరికే నిలబడింది. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు మెమో వచ్చింది. సింహాచలానికి.

మెమో ఉన్నవాణ్ని ప్రమోషన్ ఇంటర్వ్యూకు పిలవరు. ఇంటర్వ్యూ ఆ వారంలోనే. మనిషి నేరుగా నా గదికొచ్చాడు.

“ఏటి బావా ఇది? క్రేను బాగైపోనాది, నాను ఆగిపోనాను.”

“సంజాయిషీ రాసీ బావా.”

“రాసీసినాను. అదీ వికీలోనే పెట్టాలంట. పెట్టినాను. అప్రూవల్ కోసం సూస్తన్నాను.”

“ఎవరి అప్రూవల్?”

“ఇంకెవలిది? ఆయనదే!”

జనరల్ మేనేజర్‌గారికి విడిగా ఒక బ్లాగుండేది. దాని కింద వ్యాఖ్యలకు ఆమోదం అక్కర్లేదు. ‘అద్భుతం సార్’ తప్ప ఎవరూ ఏమీ రాయరు గనుక. అదీ వరుస ప్రకారమే: డీజీఎం మెచ్చుకోకముందు మేనేజర్లు మెచ్చుకోకూడదు. ఆ ఉదయమే పారదర్శకత మీద కొత్త వ్యాసం పడింది. సింహాచలాన్ని నా కుర్చీలో కూర్చోబెట్టాను. తాను రాసిన రోజు, ఆమోదం వచ్చిన రోజు పక్కపక్కన పెట్టి, తన పేరుతోనే మొదటి వ్యాఖ్య రాశాడు. చివర ‘అద్భుతం సార్’ అని చేర్చమన్నాను. ఒప్పుకోలేదు.

సాయంత్రానికి మెమో వెనక్కి తీసుకున్నారు. చదవకుండా నొక్కినవారిని ఎవరూ ఏమీ అడగలేదు. సింహాచలం ఇంటర్వ్యూకు వెళ్లాడు, ప్రమోషన్ వచ్చింది. మర్నాడు నాకూ ఒక ఆదేశం వచ్చింది: బ్లాగు వ్యాఖ్యలకు కూడా ఆమోదం బటన్ పెట్టాలి. పెట్టాను.

పదవీ విరమణ నాటికి నాకు మిగిలిన పాఠం ఇంతే. ఆఫీసుకు వికీ తెచ్చేముందు, పైవాడి వాక్యాన్ని కిందివాడు కొట్టేయగలడా అని అడగాలి. కొట్టేయలేడంటే మనం కొన్నది నోటీసు బోర్డు. పాత బోర్డుకు కరెంటు అక్కర్లేదు.