ఖండే నవమి నాడు గంజి మిషన్

దయ్యాలూ గియ్యాలూ నమ్మే మనిషిని కాను నేను. కరెంటు లేనిదే మోటారు తిరగదు, అంతే. ఇప్పుడూ అదే అంటాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేక చచ్చాను.

ఎనభైల చివర్లో షోలాపూర్ కుమఠా నాకా దగ్గర ఒక తువ్వాళ్ల మిల్లులో ఇంజినీరుగా ఉండేవాణ్ణి. పేరు గొప్ప ఊరు దిబ్బ. మిషన్ ఆగితే తిట్లు నాకే, బాగుచెయ్యడానికి ఆపినా నాకే. మా అక్క మొగుడు నర్సయ్య బావ అక్కడే ఫిట్టరు. ఇంట్లో నన్ను "బామ్మర్దీ" అనేవాడు, మిల్లులో "సాబ్".

దసరా ముందురోజు ఖండే నవమి. ఆ రోజు మా నేతగాళ్లు మగ్గాలూ మిషన్లూ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండలు వేస్తారు. ఇక దసరా వెళ్లేదాకా వాటి మీద చెయ్యి వెయ్యరు. నూలుకు గంజి పట్టించి రెండు పెద్ద రోలర్ల మధ్య పిండే మిషన్‌లో అప్పుడే బేరింగు పోయింది. పండగ మర్నాడు పొద్దున్నే అది నడిచి తీరాలన్నాడు మేనేజరు.

"ఇయ్యాల వద్దు సాబ్. బొట్టు వెట్టినం. ఎల్లుండి పొద్దుగాల జల్ది వచ్చి చేస్త," అన్నాడు బావ.

"బొట్టు పెడితే బేరింగు బాగయితదా?" అన్నాను. నోటిదురుసు నాది. బావ దండ తీసి కళ్లకద్దుకుని పక్కన పెట్టాడు.

మధ్యాహ్నం పన్నెండు. మెయిన్ స్విచ్ నేనే దించాను. మూడు ఫ్యూజులూ నేనే పీకి జేబులో వేసుకున్నాను. లోపల చెయ్యి పెట్టేవాడికి అదే భరోసా.

బావ రోలర్ల మధ్య చెయ్యి పెట్టాడు. రోలర్లు తిరిగాయి. మోటారు చప్పుడు లేదు. నెమ్మదిగా ఒక్క చుట్టు తిరిగి ఆగాయి. "బామ్మర్దీ!" అని అరిచాడు.

రోలర్లు విప్పేసరికి కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి. బావను ఆస్పత్రికి పంపి, అంతా మళ్లీ బిగించి నలుగురం కలిసి తోసి చూశాం. గేరుబాక్సు పట్టుకు రోలర్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. లైనులో కరెంటు లేదు.

ఆస్పత్రిలో అక్క నా చొక్కా పట్టుకుంది. "ఫ్యూజులు నిజంగ పీకినవార తమ్మీ?"

"పీకిన అక్కా."

"మరెట్ల తిరిగిందిరా?"

జేబులోని ఫ్యూజులు తీసి ఆమె చేతిలో పెట్టాను.

సాయంత్రం మేనేజరు తెల్లకాగితం ముందు పెట్టాడు. ఫ్యూజులు పీకి ఉంటే మిషన్ తిరగదు కాబట్టి, తప్పు నాదో బావదో తేల్చి రాయమన్నాడు. నాదని రాస్తే నా ఉద్యోగం పోతుంది. బావదని రాస్తే అతనికి మిల్లు పైసా పరిహారం ఇవ్వదు. ఫ్యూజులు పీకకముందే, నాకు చెప్పకుండా చెయ్యి పెట్టాడని రాశాను.

దాని కింద బావ వేలిముద్ర కూడా కావాలంటే ఆస్పత్రికి తీసుకెళ్లాను. బావకు చదువు రాదు. మంచం మీదినుంచే ఎడమ బొటనవేలు చాపాడు. "ఏం రాసినవ్ బామ్మర్దీ?"

"అయిందే రాసిన బావా."

వేలిముద్ర వేశాడు.

అసలేం జరిగిందో ఈనాటికీ నాకు తెలియదు. ఆ కాగితంలో ఉన్నది మాత్రం జరగలేదు.