అల్లుడు తెచ్చిన చవక గొట్టాలు

కార్లు బాగుచేసే మా అన్నయ్యను వీధిలో అందరూ క్లిప్పుల మేస్త్రి అంటారు. ఏ కారు వచ్చినా ముందు గొట్టాలు బిగించే క్లిప్పుల గురించి ఉపన్యాసం ఇవ్వనిదే పని మొదలుపెట్టడు. "గొట్టం ఎంత గొప్పదైనా క్లిప్పు వదులైతే గాలి నీ మాట వినదు బాబూ" అంటాడు. ఆయన షెడ్డుకూ నా కుట్టుమిషన్ కొట్టుకూ మధ్య ఒక్క రేకు గోడ. ఆ ఉపన్యాసం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను.

పని తెలిసిన మనిషే, కాదనను. ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో ఉన్న బండ్లలో, వేడెక్కిన ఆ గాలిని చల్లబరచడానికి ముందుభాగంలో ఇంటర్‌కూలర్ అని ఒక పెట్టె ఉంటుంది. దానికి వెళ్ళే గొట్టం చిరిగిందంటే కంపెనీ గొట్టం ధర విని డ్రైవర్లకు కళ్ళు తిరుగుతాయి. అన్నయ్య అంత ఖర్చు పెట్టించడు. తిన్నగా పోయేచోట సైలెన్సర్ల కొట్టులో దొరికే లోహపు గొట్టం కోయించి వేస్తాడు, వంపుల దగ్గర మాత్రమే రబ్బరు వాడతాడు. ఆ తెలివికి మురిసిపోయి డ్రైవర్లు ఊరంతా చెప్పుకుంటారు. అయితే ఆయనతో ఒక చిక్కుంది. తను చేస్తే పొదుపు, ఇంకొకరు చేస్తే పిసినారితనం.

ఆ ఇంకొకరు మా అల్లుడు. అన్నయ్యకు ఒక్కగానొక్క కూతురి మొగుడు. సొంత కారు కిరాయికి తిప్పుకుంటాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఈమధ్యే కొండమీది ఆఫీసు వాళ్ళను రోజూ తీసుకెళ్ళి తీసుకొచ్చే నెలవారీ బేరం దొరికింది. అంతలో బండి గొట్టం పగిలింది. మామగారిని ఇబ్బంది పెట్టడం ఎందుకనుకున్నాడో ఏమో, తనే నాలుగు కొట్లు తిరిగి గొట్టాలు, క్లిప్పులు కొనుక్కొచ్చాడు.

"ఎవడడిగాడు నిన్ను కొనమని?" అన్నాడు అన్నయ్య, గొట్టాన్ని చచ్చిన పామును పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని. "ఇది రేడియేటర్‌కి వేసేది. నూనె ఆవిరి తగిలితే ఉబ్బి కూర్చుంటుంది."

"కాదు మామయ్యా, నూనెకి తట్టుకునేదే అడిగి..."

"నాకు చెప్తావా?"

అల్లుడు క్లిప్పులు అందించాడు. అన్నయ్య సణుక్కుంటూనే బిగించాడు. మధ్యలో ఎవరో డ్రైవరు వస్తే లేచి వెళ్ళి, క్లిప్పుల పురాణం ఒక అధ్యాయం చదివి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. అలా లేచినప్పుడు దుమ్ము పడకుండా తెరిచి ఉన్న మూతిలో గుడ్డ కుక్కడం ఆయన అలవాటు. గుడ్డలు నా కొట్టులో మిగిలిన ముక్కలే.

మర్నాటి నుంచి బండికి పికప్ లేదు. కొండ ఎక్కమంటే నల్లటి పొగ వదిలి మూలుగుతోంది. ఆఫీసు వాళ్ళు కొన్నాళ్ళు ఓపిక పట్టారు, తర్వాత వేరే బండి మాట్లాడుకున్నారు. అప్పటిదాకా చెప్పడానికి జంకిన అల్లుడు వచ్చి షెడ్డు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అన్నయ్య చూడనైనా చూడకుండా తీర్పు చెప్పేశాడు. "ముందే చెప్పానా? చవక గొట్టం. లోపలి పొర ఊడి గాలికి దారి మూసేసి ఉంటుంది."

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకుంటే ఆయన మా అన్నయ్య ఎందుకవుతాడు? ఎదురుగా టీకొట్టు దగ్గరున్న డ్రైవర్లందరినీ కేకేశాడు. "రండి, రండి. చవక బేరం చేస్తే ఏమవుతుందో మా అల్లుడుగారు చూపిస్తారు." వాళ్ళు గ్లాసులతో సహా వచ్చి గుమిగూడారు. అల్లుడు తలొంచుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కత్తెర పక్కన పెట్టి నేనూ వెళ్ళాను.

అన్నయ్య క్లిప్పు విప్పి గొట్టం లాగాడు. అల్లుడు ఇటు పక్క వంగి ఉన్నాడు, నేను అన్నయ్య వెనకే ఉన్నాను. మిగతావాళ్ళకు బానెట్ అడ్డం. ఇంటర్‌కూలర్ మూతిలో పసుప్పచ్చ పూల గుడ్డ ఇరుక్కుని ఉంది. నేను ఒక పిల్లకు కుట్టిన గౌనులో మిగిలిన ముక్క. నూనెకు నల్లబడినా పూలు తెలుస్తూనే ఉన్నాయి.

అన్నయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అల్లుడు ఆ గుడ్డను చటుక్కున లాగి, గుప్పిట్లో నలిపి, జేబులో కుక్కుకున్నాడు. లేచి నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు. "మామయ్య చెప్పిందే నిజం. లోపల పొర ఊడింది."

"మేస్త్రి మాటంటే మాటే!" అన్నాడు ఎవరో. నవ్వుకుంటూ టీలకు వెళ్ళిపోయారు. అన్నయ్య వంగి క్లిప్పు బిగించసాగాడు. నేను ఆయన చెవి దగ్గర చెప్పాను, "అన్నయ్యా, ఆ గుడ్డ నాది." "తెలుసులేవే" అన్నాడు. అంతే. ఆ రోజంతా రేకు గోడ అవతల సుత్తి చప్పుడు కూడా లేదు.

నిజం చెప్తాడేమో, ఇవాళ చెప్తాడేమో అని చూశాను. చెప్పలేదు. ఉపన్యాసం మాత్రం మానేశాడు. డ్రైవర్లు క్లిప్పుల సంగతి అడిగితే "ఆఁ, బిగించుకోండి" అని ముఖం తిప్పుకునేవాడు. పాల వ్యాను డ్రైవరు ఒకతను, అతనూ అల్లుడిలాగే చవక గొట్టాలు వేయించుకున్నవాడే, భయపడిపోయి కంపెనీ గొట్టం కొనుక్కొచ్చాడు, మార్చమని. పాత గొట్టం నిక్షేపంలా ఉంది. "భోంచేసొచ్చి చూద్దాం" అని తప్పించుకుని అన్నయ్య భోజనానికి లేచాడు.

వదిన పోయిన దగ్గర్నుంచీ మధ్యాహ్నం మా ఇద్దరి భోజనం వెనక వీధిలో మేనకోడలి ఇంట్లోనే. ఆ పిల్ల అన్నం వడ్డిస్తూనే మొగుణ్ణి దులపడం మొదలుపెట్టింది. "నెల బేరం పోయింది. మా నాన్న మాట ఒక్కసారి వింటే నీ సొమ్మేం పోయేది? నాన్నా, నువ్వైనా చెప్పు ఈయనకి. చవకంటే చాలు, కళ్ళు మూసుకుని కొనేస్తాడు."

అల్లుడు తలొంచుకుని ముద్ద కలుపుకుంటున్నాడు. ఆ వంచిన తల చూస్తే నాకే చచ్చేంత సిగ్గేసింది. అన్నయ్య నేను కన్నవాడు కాకపోయినా నా తోడబుట్టినవాడే కదా. ఆయన ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"గొట్టం మంచిదేనమ్మా" అన్నాడు. "గుడ్డ నేనే కుక్కి మర్చిపోయాను. నీ మొగుడు చూశాడు. చూసి, నలుగురిలో నా పరువు కాపాడాడు. నేను నోరు మూసుకున్నాను."

గరిటె గిన్నెలో పెట్టేసింది పిల్ల. మొగుడివైపు తిరిగి, "తెలిసీ ఊరుకున్నావా?" అంది. "అన్నం చల్లారిపోతోంది" అన్నాడు అతను. ఆమె కళ్ళు తుడుచుకుంది. చాలాసేపు తండ్రి ముఖం చూడలేదు. చూశాక అరవలేదు కూడా.

"నాతో చెప్తే ఏం లాభం నాన్నా? తప్పు ఈయనదని ఎక్కడ అన్నావో అక్కడ చెప్పు."

అన్నయ్య చెయ్యి కడుక్కుని బయల్దేరాడు. నేను వెనకే వెళ్ళాను, మధ్యలో షెడ్డులోకి దూరి దాక్కుంటాడేమోనని. దాక్కోలేదు. టీకొట్టు ముందు నిలబడి "ఒకసారి ఇటు వినండి" అన్నాడు. మేస్త్రి ఏదో హాస్యం చెప్తాడని అందరూ నవ్వడానికి సిద్ధమయ్యారు. ఆయన చెప్పాడు. గుడ్డ సంగతి, అల్లుడు జేబులో కుక్కుకున్న సంగతి, బేరం పోయిన సంగతి, అన్నీ. ఎప్పుడూ చేతులు తుడుచుకుంటూ మాట్లాడే మనిషి, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ మార్చుకుంటూ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు గ్లాసుల్లోకి చూసుకున్నారు.

పాల వ్యాను డ్రైవరు చేతిలోని కొత్త గొట్టాన్ని చూసుకుని, "అయితే ఇది తిరిగి ఇచ్చేస్తా మేస్త్రీ. ఇంకో వ్యానుక్కూడా కావాలి. మీ అల్లుడు ఆ గొట్టాలు ఎక్కడ కొన్నాడు?" అని అడిగాడు.

అన్నయ్య నావైపు చూశాడు. నాకు మాత్రం ఏం తెలుసు? మళ్ళీ అతనివైపు తిరిగి, నేల చూస్తూ చెప్పాడు.

"తెలీదు బాబూ. నేనెప్పుడూ అడగలేదు."