గిల్టు పడదని నాకు తెలుసు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. కానీ దించుకునే చోటు దొరకలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. అలిసిపోయాను కూడా.

సాలూరులో లారీలకి బాడీలు కట్టే షెడ్డు నాది. నా భార్య పేరు పార్వతి అనుకోండి. అంగన్‌వాడీలో పిల్లలకి పాటలు నేర్పేది, అన్నం తినిపించేది. పెళ్లయిన కొత్తలోనే నాతో చెప్పింది. "గిల్టు గొలుసు ఏసుకుంటే మెడంతా దద్దుర్లొస్తన్నాయి బావా" అని. వాచీ పెట్టుకున్నా మణికట్టు ఎర్రగా పొక్కేది. నేను నవ్వేవాణ్ణి. బంగారం కొనిపించడానికి వేస్తున్న ఎత్తనుకున్నాను. పొద్దస్తమానం ఇనుము పట్టుకునే నాకేమీ కావడం లేదు, ఈవిడకెందుకవుతుంది? ఆ మెడ మీది ఎరుపుని కళ్లారా చూస్తూనే అలా అనుకున్నాను.

ఒక వానాకాలం అంగన్‌వాడీ మెట్ల మీద పాచికి జారి పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. విజయనగరంలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాను. స్టీలు ప్లేటు వేసి స్క్రూలు బిగించాలన్నారు. ఆపరేషన్‌కి ముందు నర్సమ్మ కాగితం పట్టుకుని వచ్చి, ఒంటికి పడనివేవైనా ఉన్నాయా అని అడిగింది. పార్వతి ఇంజక్షన్ మత్తులో ఉంది. అలాంటివేమీ లేవని నేనే చెప్పి సంతకం పెట్టాను. అప్పుడు నిజంగానే నాకు గొలుసు గుర్తురాలేదు. ఇందులో అబద్ధం లేదు. నిర్లక్ష్యం ఉంది.

కుట్లు మానాయి. ఆ తర్వాత లోపల ప్లేటు ఉన్నంత మేరా చర్మం ఎర్రబడింది. దురద, పొక్కులు, నీరు కారడం. పరీక్ష చేస్తే క్రిములేవీ దొరకలేదు. మందులు మార్చారు. ఎముక అతకలేదు. మూడో నెలలో, కట్టు మార్చడానికి పార్వతిని పక్క గదిలోకి తీసుకెళ్లాక, డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టారు.

"మీ ఆవిడకి గిల్టు నగలు, వాచీ లాంటివి పడకపోవడం ఎప్పుడైనా జరిగిందా? బాగా గుర్తు చేసుకుని చెప్పండి."

"నేదండి."

"ఎప్పుడూ లేదా?"

"నేదు సార్. ఎండుచేపలు తినొద్దంటే ఇనదండి. వంకాయ కూడా తింటన్నాది. అందికే పుండు మానట్లేదు."

ఈసారి గొలుసు గుర్తొచ్చింది. ఆయన ఆ మాట అంటుండగానే గుర్తొచ్చింది. అయినా లేదన్నాను. ఎందుకు? ఉందంటే, ముందే ఎందుకు చెప్పలేదంటారు. ఆమె తమ్ముళ్లు నిలదీస్తారు. ఆమె నా మొహంలోకి చూస్తుంది. ఇంతేనా కారణం? ఎన్నిసార్లు నన్ను నేను తవ్వుకున్నా ఇంతకన్నా పెద్దదేమీ దొరకలేదు. భార్య కాలు కన్నా నా మాట పోకుండా ఉండడం ఎక్కువనిపించింది, ఆ కుర్చీలో కూర్చున్న ఆ రెండు నిమిషాలూ.

ఇంటికొచ్చాక ఆమెతోనూ అదే అన్నాను, తిండి వల్లేనని. పాపం, నా మాట ఆమె నమ్మింది. "నోరు కట్టుకోనేకపోనాను బావా" అని ఏడ్చింది. ఏడాది పైన చారన్నమే తింది. పక్కనే కూర్చుని నేను చేపల కూర తిన్నాను.

చివరికి విశాఖపట్నం తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ నన్ను అడగలేదు. పార్వతినే అడిగింది. పార్వతి గొలుసు సంగతి, వాచీ సంగతి మొత్తం చెప్పింది. వీపు మీద రకరకాల లోహాల పట్టీలు అతికించారు. రెండు రోజుల తర్వాత తీస్తే నికెల్ పట్టీ కింద చర్మం ఉబ్బి పొక్కి ఉంది. గిల్టు నగల్లోనూ, వాచీల్లోనూ, కాలిలో వేసిన స్టీలులోనూ ఆ నికెల్ ఉంటుందట.

లోపల ఏ పరాయి వస్తువు పెట్టినా ఒంట్లోని రక్షణ కణాలు దాని చుట్టూ మూగుతాయట. చాలామందిలో సన్నటి పొర ఒకటి కట్టేసి ఊరుకుంటాయట. కొందరిలో ఊరుకోవు. స్టీలులోంచి కొద్దికొద్దిగా ఊరే నికెల్‌ని శత్రువనుకుని పోరాడుతూనే ఉంటాయి. డాక్టరమ్మ ఇంకో మాట కూడా అంది. ఎముక అతకకపోవడానికి ఇదే కారణమని నూటికి నూరుపాళ్లూ చెప్పలేమంది. ఆ ఒక్క మాట చాటున చాలా రోజులు దాక్కున్నాను.

"మొదటి ఆస్పత్రిలో ఇవన్నీ అడగలేదా?" అందామె.

"ఎవులూ అడగనేదమ్మా" అంది పార్వతి.

నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను.

ఆ ప్లేటు తీసేసి నికెల్ లేని టైటానియంది వేశారు. కొన్ని వారాల్లో దురద పోయింది, చర్మం చల్లబడింది. ఎముక మెల్లగా అతికింది. కానీ అన్నాళ్లు కదలని మోకాలు మళ్లీ పూర్తిగా వంగలేదు. కింద కూర్చోలేదు. కింద కూర్చోలేని మనిషికి చంటిపిల్లలతో ఏం పని? అంగన్‌వాడీ మానేసింది.

ఇంటికెవరొచ్చినా చెబుతుంది. "ఆ డాక్టరు ఒక్క ముక్క అడిగుంటే నాకీ గతి పట్టకపోను. మా బావ మట్టుకు నన్ను తిప్పని సోటు నేదు." ఆ పెద్దమనిషికి చెడ్డపేరు, నాకు మంచిపేరు. టీ గ్లాసులు అందిస్తూ వింటాను. ఒక్క చుక్క కూడా తొణకదు. అదే నాకు భయం.

అడిగారు పార్వతీ. నర్సమ్మ అడిగింది, డాక్టరూ అడిగాడు. నేనే లేదన్నాను.

ఈ మాటలు ఇంకా ఆమె ఎదుట అనలేదు. అంటానని మీకు మాటివ్వలేను. ఇవాళ కాగితం మీద పెట్టాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి అడిగే హక్కు నాకు లేదు.