చేతికెక్కిన పాలు

ఒక వేసవిలో కాట్రేనికోన పల్లెకారుల పేటలో పైడమ్మ చనుబాలు చేతికెక్కేశాయని పేట పేటంతా నమ్మింది. నమ్మదూ మరి! ఆ మాట అన్నది సాక్షాత్తూ టీకాలు వేసే మాణిక్యాలరావే.

ఉప్పలగుప్తంలో అమ్మవారు పోసి జనం పోతున్నారని తెలిసిన రోజులవి. ఆయన దొరతనం వారి పంపున వచ్చాడు. టీకా మాట వినగానే మగాళ్లు పడవలెక్కి జారుకున్నారు. అలలకు వెరవని వీరులు సూదికి వెరిచారు! పైడమ్మ మాత్రం చంటిదాన్ని అత్త నూకాలమ్మకిచ్చి జబ్బ చాపింది. మొదటి బిడ్డను ఆ జబ్బుకే పోగొట్టుకున్న తల్లి. తాను మంచాన పడితే ఈ పిల్లకు దిక్కెవరన్నదే ఆమె బెంగ.

"సూది గుచ్చిన చోట లేచే పొక్కు పాలు పోసుకుంటే టీకా పట్టినట్టేనండి," అని చెప్పి ఆయన పక్క ఊరు వెళ్లాడు.

ఆయనది వరి పండించే ఊరు. గింజ పాలు పోసుకోవడమంటే లోపల తెల్లటి రసం నిండడమని ఆ వైపు పసివాళ్లకీ తెలుసు. వల తప్ప నాగలి ఎరగని నూకాలమ్మకెలా తెలుస్తుంది? కోడలి జబ్బ మీద పొక్కు తెల్లగా నిండగానే ఆవిడ గగ్గోలు పెట్టింది.

"పిల్ల పాలన్నీ చేతికెక్కేసేయే! రొమ్ములో మిగిలింది విషం. ఇయ్యకు!" అని పిల్లను లాక్కుని మేకపాలు పట్టింది. పిల్ల కక్కేసింది. మళ్లీ పట్టింది, మళ్లీ కక్కింది. ఏడ్చి ఏడ్చి దాని గొంతు పోయింది. ఇక్కడ పైడమ్మ పైట పాలతో తడిసిపోతోంది.

పొక్కు చూడ్డానికి తిరిగొచ్చిన మాణిక్యాలరావును ఆమె గుమ్మంలోనే నిలదీసింది. "నా పాలు ఈ చేతిలోకి పోయేయా అయ్యగారూ?"

ఆయన తెల్లబోయాడు. "అయ్యో, అది మా వరిచేల మాటమ్మా! పొక్కులో ఉన్నది రసండి. మీ పాలకేం కాలేదు, ఇవ్వండి. పొక్కు మీద గుడ్డ కప్పి, పిల్లకు తగలనీయకండి."

"ఆయ్," అంది పైడమ్మ. జబ్బకు ఉతికిన గుడ్డ చుట్టి, చాప మీద కూర్చుని చేతులు చాపింది.

"చేజేతులా చంపుకుంటావే!" అని నూకాలమ్మ పిల్లను గుండెకు హత్తుకుంది.

"నాకూ భయమేనత్తా. కానీ విషం మనం అనుకున్నది, ఆకలి కళ్లకు కనబడతంది. ఇటియ్యి."

ఆ మాటకు ఎవరైనా చేతులెత్తి మొక్కాల్సిందే. పిల్ల ఆబగా తాగి నిద్రపోయింది. నూకాలమ్మ దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ పక్కనుంచి కదల్లేదు. పొద్దువాలే వేళకు పిల్ల లేచి మళ్లీ పాలకు ఏడ్చింది. ముసలావిడ తనే దాన్ని ఎత్తి కోడలి ఒడిలో వేసింది.

"ఆ చెయ్యి అటు తియ్యవే, పిల్లకు తగులుద్ది," అంది.