అంతరిక్ష కేంద్రానికి ఆయుధపూజ

మా ఇంట్లో అందరికీ బండ్లుండేవి, నాకూ మా అత్తకూ తప్ప. ఇనుపరాయికి గిరాకీ పెరిగిన ఆ ఏళ్లలో సిరుగుప్ప దగ్గరి మా వరి మళ్లను కౌలుకిచ్చి మా ఆయన టిప్పర్లు కొన్నాడు. మరిది జీపు కొన్నాడు. ఊరు వదిలి బళ్లారి అంచున, సంగనకల్లు దారిలో ఇల్లు కట్టుకున్నాం. ఇంటి ముందు ఖాళీ జాగా అంతా బండ్లకే సరిపోయేది. పొద్దున ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి ఎర్రబారేది. దానికి ఎవరూ బాధపడేవాళ్లు కాదు. ఆ రోజుల్లో గడప మీద ఎర్రదుమ్ము లేదంటే ఆ ఇంట్లో పని లేదని అర్థం.

ఆ దుమ్ముతో పోట్లాడినదాన్ని నేనొక్కదాన్నే. నా అలమారాలో తెల్ల దుస్తుల వ్యోమగాములు ఉండేవాళ్లు మరి.

మొదట్లో అవి నావి కావు. మా వాడు చిన్నగా ఉన్నప్పుడు వాళ్ల నాన్న ఒక వ్యోమగామి బొమ్మ తెచ్చిచ్చాడు. వాడు ఒక పూట ఆడి, హెల్మెట్ ఒకచోట, మనిషి ఒకచోట పారేసి, గోలీలు పట్టుకుని బయటికి పరుగెత్తాడు. ఇల్లు ఊడుస్తుంటే మంచం కింద ఆ హెల్మెట్ దొరికింది. బొమ్మ తలకు పెట్టి నొక్కితే టక్కుమని కూర్చుంది. ఆ శబ్దం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. తీశాను, మళ్లీ పెట్టాను. చీపురు పక్కన పడేసి చాలాసేపు అదే పనిలో ఉన్నాను. తర్వాత మా వాడు హాస్టలుకు వెళ్లాడు. నా వ్యోమగామికి మాత్రం తోడు కావాలనిపించింది.

అట్లా మొదలైంది. మా ఆయన టైర్ల కోసం బెంగళూరు పోయినప్పుడల్లా ఒక బొమ్మ చెప్పి పంపేదాన్ని. ఆయన వేరేది తెచ్చేవాడు. ఒకసారి అంతరిక్ష ఓడ రిపేరు చేసే మెకానిక్కును తెమ్మంటే ఎర్ర చెడ్డీ కుస్తీ వస్తాదును తెచ్చాడు.

"ఇదేంది? నేను చెప్పింది మెకానిక్కు కదా" అన్నాను.

"ఈయప్ప గట్టిగా ఉండాడు చూడు. బోల్టులు బాగ బిగిస్తాడులే" అన్నాడు.

పెట్టె తిప్పి చూసి, అది చైనా నుంచి వచ్చిందని తెలుసుకుని ఇంకా నవ్వాడు. "మన రాయి ఆడికి పోతాండాది, నీ బొమ్మలు ఈడికి వస్తాండాయి. సరిపాయ!" వస్తాదు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాడు. నిజం చెప్పాలంటే బోల్టులు బాగానే బిగిస్తున్నాడు.

చుట్టాలు వచ్చి అలమారా చూసి, పిల్లలవా అని అడిగేవాళ్లు. నావే అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అని ఒక పెద్దమ్మ నా ఎదుటే అనేసింది. నాకు కోపం తొందరగా వస్తుంది. "సంగనకల్లు గుట్టకు దేశదేశాల నుంచి వచ్చి పాత రాతి గొడ్డళ్లు ఏరుకుంటాండారు. వాళ్లను సారూ సారూ అంటారు. నేను ప్లాస్టిక్ మనుషుల్ని ఏరుకుంటే పిచ్చా?" అన్నాను. పెద్దమ్మ కాఫీ తాగి వెళ్లిపోయింది.

నా సామానులో అన్నిటికంటే గొప్పది అంతరిక్ష కేంద్రం. గంప బోర్లించినంత ఉంటుంది. పైమూత ఎత్తితే లోపల గదులు, మెట్లు, తిరిగే తలుపులు. బెంగళూరులో పాత సామాను అమ్మే ఒకతని దగ్గర దొరికింది. నడిపేవాడు, డాక్టరమ్మ, నాలుగు చేతుల ఆకుపచ్చ జీవి, అందరూ ఉన్నారు. కెప్టెన్ లేడు. మధ్య గదిలో, అందరికంటే ఎత్తులో, ఆయన కుర్చీ ఖాళీగా ఉండేది. నేను రోజూ దుమ్ము తుడిచే వేళ ఆ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి నా ప్రాణం ఉసూరుమనేది. కొన్నేళ్లు ఆ కెప్టెన్ కోసమే వెతికాను. అత్త కూరగాయలు తరుగుతూ, "ఇంగా దొరకలేదా మీ పెద్దాయన?" అని అడిగేది. వెక్కిరిస్తోందనే అనుకునేదాన్ని.

నెట్ సెంటర్లో కూర్చుని వెతగ్గా వెతగ్గా బెంగళూరులో ఒకతను తగిలాడు. కంప్యూటర్ ఉద్యోగం, నాలాంటి పిచ్చే, మన తెలుగు అబ్బాయే. అతని దగ్గర ఇద్దరు కెప్టెన్లు ఉన్నారు. అమ్మనన్నాడు. ఆ బొమ్మల వరుసలోనే వచ్చిన రాకెట్ గద్దె, మీట నొక్కితే రాకెట్‌ను ఎగరేసేది, పెట్టె తెరవనిది ఇస్తే, దానికి బదులుగా ఒక కెప్టెన్‌ను ఇస్తానన్నాడు. తెరవని పెట్టె యాడ దొరుకుతుంది? ఆశ వదులుకున్నాను.

ఒక ఏడాది దసరా ముందు, బళ్లారిలోనే ఉన్న బెంగళూరు రోడ్డులో నేనెప్పుడూ వెళ్లే ఫ్యాన్సీ స్టోర్ ఆయన అటక దులుపుతూ, ఎవరూ కొనని పాత సరుకు కిందికి దించాడు. అందులో ఉంది. పెట్టె మీద ఎర్రదుమ్ము పేరుకుపోయి బొమ్మ కూడా కనబడటం లేదు. కొంగుతో తుడిస్తే రాకెట్ బయటపడింది, పక్కన గద్దె, మీట. అంటించిన టేపు అంటించినట్లే ఉంది. నేను ఆ అంగట్లోనే ఎగిరి గంతేశాను. వెంటనే బెంగళూరుకు ఫోన్ చేశాను.

"సీలు మాత్రం విప్పకండి అక్కా. పండగ అయినాక హంపికి వస్తాండా. మీ ఇంటికొచ్చి కెప్టెన్‌ను ఇచ్చి, పెట్టె తీసుకుపోతా" అన్నాడు.

పెట్టెను బీరువా మీద, గుడ్డ కప్పి పెట్టాను. అత్తకు విషయమంతా చెప్పాను. ఎవరూ ముట్టని పెట్టెకే మర్యాద, తెరిస్తే విలువ పోతుంది అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసింది.

"తినకుండా దాచే లడ్డు ఏం లడ్డమ్మా?" అంది.

ఆయుధపూజ అంటే మా ఇంట్లో ఉగాది కంటే పెద్ద పండగ. టిప్పర్లు కడిగి, ముందర అరటి పిలకలు కట్టి, బంతిపూల మాలలు వేసి, అద్దాల మీద విభూతి పట్టెలు, కుంకుమ బొట్లు పెట్టేవాళ్లు. జాకీలు, స్పానర్లు, గడ్డపారలు, పొలం వదిలినా పారేయని కొడవళ్లు, అన్నీ చాప మీద వరుసగా చేరేవి. డ్రైవర్లకు, వాళ్ల పిల్లలకు బొరుగులు, పుట్నాలు, బెల్లం పంచేవాళ్లం. ఆ టిప్పర్లలో ఒక్కటీ ఇప్పుడు మా దగ్గర లేదు. అప్పట్లో మాత్రం వాటి చక్రాల కింద నిమ్మకాయలు నలిగిన వాసన వీధి చివరి దాకా వచ్చేది.

ఆ ఏడు పొద్దున్నుంచి నేను వంటింట్లోనే ఉన్నాను. ఓళిగలు, అదే బొబ్బట్లు, కాలుస్తున్నాను. బయట గుమ్మడికాయ పగిలిన చప్పుడు విని, హారతి కళ్లకద్దుకుందామని చేతులు కడుక్కుని వచ్చాను. టిప్పర్లు చూశాను, జీపు చూశాను. జీపు పక్కన, పీట మీద, నా అంతరిక్ష కేంద్రం ఉంది. దాని పక్కనే రాకెట్ గద్దె ఉంది. పెట్టెలో కాదు, బయట. రాకెట్‌కు విభూతి పట్టెలు, గద్దె నాలుగు మూలలా కుంకుమ, ముందర చిన్న నిమ్మకాయ. పెట్టె అవతల పడి ఉంది. పక్కనే అత్త అడకత్తెర. టేపు కోసింది దాంతోనే.

ఖాళీ పెట్టెను చేతికి తీసుకున్నాను. ఇక ఆపుకోలేదు.

"ఎవరు తెరవమన్నారత్తా? చెప్పినా కదా! లక్ష మాట్లు చెప్పినా కదా! ఇంగ ఆయప్ప కెప్టెన్‌ను ఇస్తాడా? అంతా పాయ!"

డ్రైవర్లు బొరుగుల పొట్లాలు పట్టుకుని నిలబడిపోయారు. మా ఆయన మెల్లగా టిప్పర్ వెనక్కి జారుకున్నాడు. అత్త హారతి పళ్లెం కింద పెట్టలేదు.

"మూసిన పెట్టెకు పూజ చేస్తే అది బండికి చేసినట్లా, అట్టకు చేసినట్లా?" అంది.

"దానికి పూజ ఏమిటికి చేయాల? అది బొమ్మ!"

"బొమ్మనా? నువ్వే కదమ్మా అది ఆకాశంలో పోయే బండి అంటివి. మొగోళ్లందరి బండ్లకూ చేస్తిమి. ఏటేటా చేస్తానే ఉండాము. నా కాలంలో నాకు చాట ఉండె, రోకలి ఉండె, వాటికి బొట్టు పెట్టుకుంటి. నీకేముండాది? మిక్సీ అందరిదీ, గ్యాసు అందరిదీ. ఈ ఇంట్లో నీది అనేది ఇదొగటే. ఇది నీ బండి. దీన్ని ఇడిసిపెట్టి హారతి ఎట్ల ఇయ్యాల?"

నేను వంగి కేంద్రంలోకి చూశాను. అత్త మూత ఎత్తిపెట్టి, లోపల ఒక్కొక్కరికీ నుదుట కుంకుమ పెట్టింది. నాలుగు చేతుల ఆకుపచ్చ జీవికి, దేవత అనుకుందో ఏమో, పసుపు కూడా పూసింది. కెప్టెన్ కుర్చీలో ఒక వక్క ఉంది. పూజలో ఉండాల్సిన మనిషి లేకపోతే ఆ చోట వక్క పెట్టడం మావాళ్ల పద్ధతి. ఇన్నేళ్లూ వెక్కిరిస్తోందనుకున్న మనిషి, ఎవరు లేరో, ఎక్కడ లేరో, అంతా విని గుర్తుపెట్టుకుంది.

నాకు ఏడుపొచ్చింది. కోపం పోయిందని అబద్ధం చెప్పను. చేతికందింది నోటికి అందలేదన్న బాధ అట్లాగే ఉంది. కానీ నా పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ వస్తువునూ ఎవరూ నీది అనలేదు. ఆ మాట విన్నాక ఎంత సంతోషం కలిగిందో, ఏడుస్తూనే హారతి కళ్లకద్దుకున్నాను.

భోజనాలయ్యాక అత్త, "తెరిస్తిమి కదా, ఎట్ల పోతాదో చూడాల" అంది. ఇద్దరం నడవలో కూర్చుని గద్దె బిగించాం. ఆమె మీట నొక్కింది. రాకెట్ ఎగిరి వెళ్లి గోడకున్న క్యాలెండర్‌ను కొట్టి, నిద్రపోతున్న మా మరిది పొట్ట మీద పడింది. అత్త కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఇంగోసారి, ఇంగోసారి" అంటూ చీకటి పడేదాకా ఆడింది. పెట్టెలో ఉన్నంతకాలం ఆ రాకెట్ అంత ఎత్తుకు పోతుందని నాకే తెలియదు.

పండగ అయ్యాక బెంగళూరు అబ్బాయికి చెబుదామని ఫోన్ చేస్తే, అతను అప్పటికే రైలెక్కేశాడని వాళ్ల ఇంట్లోవాళ్లు చెప్పారు. ఇంటికి వచ్చి, గద్దెను చూసి తల పట్టుకున్నాడు. నేను జరిగింది చెప్పాను. అతను కేంద్రం చుట్టూ తిరిగాడు, కుర్చీలోని వక్కను చూసి తీయబోయాడు.

"దాన్ని ముట్టొద్దప్పా" అని వంటింటి గుమ్మంలోంచి అత్త కేకేసింది.

అతను చెయ్యి వెనక్కి తీసుకుని, సంచిలోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన కెప్టెన్‌ను బయటికి తీశాడు. నా అరచేతిలో పెట్టాడు. నీలం కోటు, వెండి రంగు బెల్టు, కోపంగా ముడిచిన చిన్న ముఖం. చేతులు కదిలించాను, మోకాళ్లు వంచాను. ఎక్కడా ఒక గీత లేదు. నేను ఇన్నేళ్లు ఎవరిని వెతికానో ఆయనే, నా చేతిలోనే ఉన్నాడు.

"తెరిచినా పరవాలేదక్కా" అన్నాడతను. "ఈ గద్దె తెరిచింది కూడా నాకు యాడా దొరకలే. కెప్టెన్‌ను మీరే పెట్టుకోండి. దీన్ని నేను తీసుకుపోతా."

అంత మంచి మాట అతను అంటాడని నేను అనుకోలేదు. సరే అనడానికి నోరు తెరిచాను కూడా. ఈలోగా అతను జేబురుమాలు నీళ్లతో తడిపి, గద్దెను ఒళ్లోకి తీసుకుని, మూలనున్న కుంకుమ తుడవబోయాడు.

నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"ఇడువప్పా. ఇయ్యను."

"ఏమక్కా? కెప్టెన్ వద్దా?"

కావాలి. అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి. కానీ ఆయన్ని గుడ్డలో చుట్టి అతని చేతికే ఇచ్చేశాను.

"ఇది నా బండి" అన్నాను.

కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. వాకిట్లో టిప్పర్ కింద పడుకుని గ్రీజు పెడుతున్న మా ఆయన, ఏ బండి గురించో అనుకుని, తల బయటికి పెట్టి చూశాడు.