తల్లిదండ్రుల గడిలో రాసిన మాట

మార్కాపురంలో మా మేనమామ కార్యదర్శిగా ఉన్న యువజన సేవా సంఘానికి నేను రెండేళ్ల మూడు నెలలు ఆడపిల్లల హాజరు పుస్తకం రాశాను. ఆ సంఘం తలపుకొస్తే ఇప్పటికీ రోత పుడుతుంది. ఇన్నేళ్లయినా ఆ రోత తగ్గలేదు, ఎందుకంటే అందులో నా వాటా ఎంతో నాకు తెలుసు.

మాది కొనకనమిట్ల పక్క పల్లె. అంతా మెట్ట. ఊళ్లో బడి ఐదో తరగతితో అయిపోయేది కాబట్టి నాయన నన్ను మామ ఇంట్లో పెట్టి చదివించాడు. ప్రమాది సంవత్సరంలో ఎనిమిదో తరగతి ప్యాసయ్యాను. అప్పటికి రెండేళ్లుగా వానలు లేవు, పెళ్లి మాట వెనక్కి పోయింది, నేను మామ ఇంట్లోనే ఉండిపోయాను. మామకు పలకల వ్యాపారం. గని నుంచి వచ్చిన రాతి రేకులను కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రాలు బిగించి రైలుకెక్కించేవాళ్లు. ఆ షెడ్డు మా ఇంటి వెనకే. రాతి దుమ్ము వంటింటి దాకా వచ్చేది, నీళ్ల కుండ మీద గుడ్డ కప్పడం మరిచిపోతే పైన బూడిదరంగు పొర తేలేది.

సంఘం బజారు వీధిలో, ఒక బట్టల దుకాణం పైన మేడగదిలో ఉండేది. గుమ్మం మీద పెద్ద బోర్డు, 'పేద యువతీ యువకుల అభ్యున్నతికి' అని. లోపల రెండు పత్రికలు, ఒక క్యారమ్ బల్ల, గోడకు నాయకుల పటాలు. కింద పెరట్లో కసరత్తు చేసుకోవడానికి బరువులు. అక్కడికి వచ్చే పేద యువకులు ఎవరంటే వకీళ్ల కొడుకులు, దుకాణాల వాళ్ల కొడుకులు. హోటలు నుంచి కాఫీ తెప్పించుకుని, క్యారమ్ ఆడి, దేశం గురించి మాట్లాడుకుని చీకటి పడకముందే ఇళ్లకు పోయేవాళ్లు.

ఆడపిల్లలకు శనివారం మధ్యాహ్నం రెండు గంటలు. రాట్నాలు నాలుగుండేవి, వాటిలో తిరిగేవి రెండు. నా పుస్తకంలో ఇరవై మూడు పేర్లు. ఇరవై రెండు పేర్లు సంఘ సభ్యుల ఇళ్లలోవి. ఏ శనివారమూ తొమ్మిది మందికి మించి వచ్చింది లేదు. వచ్చినవాళ్లు కొత్త రవికెలు చూపించుకునేవాళ్లు, ప్రార్థన పాడేవాళ్లు, మరమరాలు తిని పోయేవాళ్లు.

ఇరవై మూడో పేరు మా షెడ్డులో పలకలు రుద్దే ఆమె కూతురిది. నాకన్నా రెండేళ్లు చిన్నది, నన్ను అక్కా అనేది. వాళ్ల నాయన గనిలో రాయి కొట్టేవాడు, కలరా గత్తర వచ్చిన ఏడు పోయాడు. తల్లి ఐదు మేకలను పెట్టుకుని, పగలు షెడ్డులో పని చేసి ఆ పిల్లను చదివించింది. చట్రానికి పనికిరాని చిట్లిన పలకల మీదే ఆ పిల్ల లెక్కలన్నీ నేర్చుకుంది. ఎనిమిదో తరగతిలో బడికంతా మొదటగా వచ్చింది. కర్నూలులో ఆడపిల్లల ట్రైనింగు స్కూల్లో చేరి టీచరు కావాలని ఆమె కోరిక. చేరాలంటే హాస్టలు కావాలి, హాస్టలు దొరకాలంటే ఎవరైనా పెద్దలు ఉత్తరం ఇచ్చి పూచీ పడాలి. అది జరక్కపోతే ఆషాఢం నుంచి తల్లి పక్కన కూర్చుని పలకలు రుద్దాలి. ఆ పిల్లకు వేరే దారి లేదు.

పూచీ పడడానికే మా సంఘం పుట్టింది. అయితే నాలుగేళ్లలో ఒక్కరికీ పూచీ పడలేదు. నియమావళిని మద్రాసులో ఏదో సంఘం దగ్గర నుంచి తెచ్చుకుని యథాతథంగా దించుకున్నారు. సహాయం 'తల్లిదండ్రులు లేని' వాళ్లకే అని అందులో ఉంది. అడగడానికి వచ్చిన ప్రతివాడికీ ఎవరో ఒకరు ఉండేవాళ్లు, మంచంలో ఉన్న తల్లో, తాగి పడి ఉండే తండ్రో. నీకు దిక్కుంది గదా, పో అని పంపేసేవాళ్లు. నేను చూస్తుండగా అట్లా వెనక్కి పోయినవాళ్లు పదకొండు మంది.

విక్రమ సంవత్సరం ఉగాది తర్వాత, జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి వార్షికోత్సవానికి వస్తున్నాడని కబురొచ్చింది. ట్రైనింగు స్కూల్లో మీ సంఘం పంపిన పిల్లకు ఒక సీటు ఇప్పిస్తానని ముందే మాటిచ్చాడట. అప్పుడు చూసుకుంటే వేదిక మీద నిలబెట్టి చూపించడానికి ఆ పిల్ల తప్ప ఇంకొక్క పేద పిల్ల కూడా లేదు. మామ ఆ పిల్లకు దరఖాస్తు కాగితం ఇమ్మన్నాడు.

షెడ్డు గడప మీద కూర్చుని ఇద్దరం ఆ కాగితం నింపాము. చేతిరాత బాగుంటుందని నేను రాశాను. 'తల్లిదండ్రులు' అని ఒకే గడి ఉంది, అదీ రెండు వేళ్ల వెడల్పు. తండ్రి సంగతే కదా చెప్పాల్సింది అనుకుని 'లేడు' అని ఒక్క మాట రాశాను.

"ఏం రాసినావక్కా?"

చదివి చెప్పాను.

"మీ తాత పోయినాడు గదా. ఆయనకు ఏమని రాస్తావు? లేడు అనా, లేరు అనా?"

"లేరు అనే."

"మరి మా నాయనకేంది?"

అందులో వాదించడానికేమీ లేదు. బ్లేడుతో 'డు' గీకేసి 'రు' పెట్టాను. ఆ పిల్ల వంగి చూసి, బాగుందక్కా అంది. తండ్రి అన్న మాట పక్కన చేర్చాలని నాకు తోచలేదు. ఎనిమిదో తరగతి ప్యాసైన ఇద్దరం ఉండి, ఒక గౌరవపు అక్షరం ఆ గడిలో తల్లిని కూడా చంపేస్తుందని కనిపెట్టలేకపోయాము.

మర్నాడు సంఘం అధ్యక్షుడైన వకీలు కాగితం చూసి తెగ సంతోషపడ్డాడని మామ ఇంటికొచ్చి చెప్పాడు. ఇద్దరూ లేని పిల్ల దొరికింది, నియమానికి అచ్చంగా సరిపోయింది అన్నాడట. వాళ్లమ్మ మన షెడ్డులోనే పని చేస్తోంది కదా మామా అన్నాను. మామకు ఆ సంగతి తెలియక కాదు. రోజూ ఆమెను పేరు పెట్టి అరిచి పిలిచే మనిషి. నేను గడి సంగతి, మర్యాద సంగతి చెప్పాను.

"గనిలో రాయి కొట్టేటోనికి లేరు ఏందిమే? వినేటోళ్లు నవ్వుతారు," అన్నాడు. తర్వాత ఆలోచించి, "అట్లే ఉండనీ. మంచికే అయింది," అన్నాడు.

నేను మళ్లీ అడగలేదు. మామ ఆ పిల్లను పిలిపించి, వేదిక మీద నోరు మెదపకుండా నిలబడితే చాలనీ, అబద్ధం ఆమె చెప్పేదేమీ లేదనీ, కాగితమే మాట్లాడుతుందనీ చెప్పాడు. తల్లిని మాత్రం రానివ్వద్దన్నాడు. ఆ పిల్ల నా దగ్గరకొచ్చి, "అమ్మకు ఏమీ చెప్పలేదక్కా, రావద్దన్నానంతే," అంది. సీటు వచ్చేదాకా ఓర్చుకుంటే తర్వాత అన్నీ సర్దుకుంటాయని నేను ధైర్యం చెప్పాను. పదిహేడేళ్ల వయసులో అంత నీచమైన సలహా అంత సులువుగా ఎట్లా చెప్పానో తెలియదు.

వైశాఖ శుద్ధ దశమి సాయంత్రం సభ. పందిరి, చాపలు, ఆడవాళ్లు ఒక పక్క. సంఘంలో క్యారమ్ ఆడే యువకులందరూ ఆ రోజు ఖద్దరు కట్టుకుని వచ్చారు. సంఘం చేసిన సేవలను అధ్యక్షుడు ముప్పావు గంట చదివాడు. నా పుస్తకంలో అరవై ఒక్క శనివారాలు ఉంటే ఆయన కాగితంలో రెండు వందల ఎనిమిది ఉన్నాయి. నాలుగేళ్లను యాభై రెండుతో గుణించి పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆ పిల్లను వేదిక ఎక్కించారు. ఎవరి ఇంటి నుంచో తెచ్చిన పాత చీర కట్టారు. ఉన్న చీర కట్టుకొస్తానంటే మరీ శుభ్రంగా ఉందని మామ వద్దన్నాడు. తల్లీ తండ్రీ లేని ఈ దిక్కులేని బాలికను మా సంఘం అక్కున చేర్చుకుంది అని అధ్యక్షుడు చదివాడు. మా వైపు దిక్కులేనిది అనడం తిట్టు. తల్లి బతికుండగా బిడ్డను ఆ మాట అంటే ఆ తల్లిని పాడె మీద చూసినట్టే. ఆడవాళ్ల చాపల చివర, ఉతికిన చీరలో ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంది. రావద్దంటే వచ్చింది. రాకుండా ఎట్లా ఉంటుంది? ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ లేవలేదు.

అధికారి మంచివాడిలాగే ఉన్నాడు. పిల్ల వైపు వంగి, "నీకు ఎవరూ లేరా అమ్మా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఎవరూ అనుకోలేదు. మామ నా వైపు చూశాడు.

ఆ పిల్ల ఆడవాళ్ల చాపల వైపు చూసింది.

"మా అమ్మ ఉంది సార్. ఆడ కూచోనుంది. లేనిది మా నాయన."

పందిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి కాగితం అందుకుని చూశాడు. ఇందులో లేరు అని ఉందే అన్నాడు. అధ్యక్షుడు ముఖం గంటు పెట్టుకున్నాడు. ఇది రాసిందెవరని అధికారి అడిగాడు. నేను లేచి నిలబడ్డాను.

అప్పుడు నేను చెప్పాల్సింది చిన్నదే. అది వాళ్ల నాయనకు పెట్టిన మర్యాద, సంఘం కార్యదర్శికి ఆ సంగతి నేను ముందే చెప్పాను అనాలి. మామ కళ్లు నా మీదే ఉన్నాయి. ఆయన ఇంట్లో తింటున్నాను.

"నేనే రాసినాను. ఆ పిల్లే అట్ల రాయమంది," అన్నాను.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

చూశారా సార్, ఈ వయసుకే ఎంత జిత్తులమారితనమో అన్నాడు అధ్యక్షుడు. అధికారి గడియారం చూసుకున్నాడు. ఆ పిల్ల నా వైపు తిరిగింది. కోపంగా చూసి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు చూసింది.

తల్లి అప్పుడు లేచింది. చాపలు దాటుకుంటూ వేదిక దాకా వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది.

"నేను సచ్చిపోతే గానీ నా బిడ్డకు చదువు రాదంటే ముందే చెప్పుండాల్సింది గదయ్యా. కంభం చెరువుకు పోయుందును. రైలు చార్జీ మీ సంఘం పెట్టుకొనుండేది," అని మామతో అని, "రామ్మా," అంది కూతురితో.

ఇద్దరూ పందిరి దాటి పోయాక జాతీయ గీతాలు పాడించారు. నేనూ పాడాను.

పన్నెండు రోజులకు కార్యవర్గం కూడింది. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు దరఖాస్తు తోసిపుచ్చుతున్నట్టు తీర్మానం. దాని శుభ్రప్రతి నా చేతే రాయించారు. తప్పు లేకుండా రాశాను. తర్వాత అధ్యక్షుడికి ఇంకో దిగులు పట్టుకుంది. అధికారి ఇప్పిస్తానన్న సీటు ఉత్తపుణ్యానికి పోతే సంఘానికి చిన్నతనం. మనింటి పిల్ల ఉంది గదా, ఎనిమిది ప్యాసయింది, పెళ్లి కూడా కుదరలేదు అన్నాడు మామ. నాకు అమ్మా ఉంది, నాయనా ఉన్నాడు. ఆ నియమం ఏమైందని కార్యవర్గం ఎనిమిది మందిలో ఒక్కరూ అడగలేదు. 'తల్లిదండ్రులు లేని' అన్నచోట 'అర్హత గల' అని మార్చారు. పావుగంట కూడా పట్టలేదు. పదకొండు మందిని తిప్పి పంపిన నియమం అది. ఆ మార్పు కూడా నేనే రాశాను.

నేను పోనని అనలేదు. మా నాయన ఎంత సంబరపడ్డాడో చూసి అనలేకపోయానని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి నాకు పోవాలనే ఉంది. ఆ సీటు మీద రెండేళ్లు చదివి, ముప్పై ఒక్క ఏళ్లు పాఠాలు చెప్పాను.

బయలుదేరే ముందురోజు షెడ్డులోకి వెళ్లాను. సభ తర్వాత మామ ఆ పిల్ల తల్లిని పనిలోంచి తీసెయ్యలేదు. అంత నున్నగా రుద్దే చెయ్యి ఇంకోటి లేదని ఆయనకు తెలుసు. తల్లి పక్కన ఆ పిల్ల కూర్చుని పలక మీద నీళ్లు చిలకరించి రాయితో రుద్దుతోంది. మోచేతుల దాకా బూడిదరంగు. తల్లి నన్ను చూసి ముఖం తిప్పుకుంది. నేను క్షమించమని అడగడానికే వెళ్లాను. నిలబడి, రేపు పోతున్నాను అని మాత్రం అన్నాను.

ఆ పిల్ల చెయ్యి ఆపలేదు.

"హాస్టలుకు దుప్పటి ఒకటి, చీరలు నాలుగు, చెంబు. లాంతరు వాళ్లే ఇస్తారంట. నేను అడిగి తెలుసుకొని పెట్టుకున్యా," అంది. ఇంకో పలక అందుకుంది. "పళ్లెం మర్చిపోవద్దక్కా. ఆడ ఇయ్యరంట."

సరే అన్నాను. ఇంట్లోకి వచ్చి పెట్టె తెరిచి పళ్లెం పెట్టుకున్నాను. కర్నూలు పోయాక చూస్తే, నిజంగానే అక్కడ ఇవ్వరు.